కాలేయానికి రాయితీ వేళలు లేవు



మా అన్నగారి మనవడొకడు పోచారంలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇక్కడే అన్నోజిగూడలో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల, స్నేహితులతో కలిసి అద్దెకు ఉంటున్నాడు. ఒక ఆదివారం ఉదయం, కార్యాలయం వారు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల నివేదిక పట్టుకొని వచ్చాడు. వయసు 28, బరువు 74 కిలోలు. రక్తపోటు సవ్యంగానే ఉంది. కానీ ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయి. ఎస్‌.జి.పి.టి. 68 ఉంది. అల్ట్రాసౌండ్ కాగితం అడుగున 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని ఒక ముక్క రాసి ఉంది. ఆ ముక్కను అతడు పెద్దగా పట్టించుకోలేదు. "మా టీములో సగం మందికి ఇదే వచ్చింది తాతా" అన్నాడు, జలుబు సంగతి చెప్పినంత తేలికగా.

"మందు అలవాటు ఉందా?" అని అడిగాను.

ఈ ప్రశ్నను తెలుగులో అడగడం వైద్యుడికి ఎప్పుడూ ఇబ్బందే. నా ఉద్యోగం తొలినాళ్లలో ఒక రైతును "మందు తీసుకుంటావా?" అని అడిగితే, "మీరిస్తే తీసుకుంటా సారూ" అని చేయి చాచాడు. నయం చేసేదానికీ, నయం కాకుండా చేసేదానికీ ఒకే మాట వాడుకుంటున్న జాతి మనది. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

"రోజూ కాదు తాతా. శుక్రవారం ఒక్కరోజే. అది కూడా హ్యాపీ అవర్స్‌లోనే" అన్నాడు.

ఆ "అది కూడా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ధర తగ్గితే మోతాదు కూడా తగ్గుతుందన్నట్లు పలికాడు. వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టాను. పది నిమిషాలు ఓపికగా విని, చివరకు ఒక మాట అన్నాడు: "మీరెప్పుడూ పబ్బుకు రాలేదు కదా తాతా. చూడకుండానే కోప్పడితే ఎట్లా? ఒక్కసారి వచ్చి చూడండి."

న్యాయమైన మాటే. రోగిని పరీక్షించకుండా అభిప్రాయం చెప్పకూడదని విద్యార్థులకు బోధించినవాడిని నేను. ఆ శుక్రవారం బయలుదేరాను.

అన్నోజిగూడ నుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లడం ఎంత సుదీర్ఘ యాత్రో ఈ దారిలో తిరిగేవారికి చెప్పనక్కరలేదు. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతున్న ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవరు స్తంభాల నీడన, గుంతలను తప్పించుకుంటూ, ఒక గంట ప్రయాణం. వాడి కారులోనే వెళ్లాము. సాయంత్రం ఐదున్నరకు పబ్బులో అడుగుపెట్టాము.

నేను ఊహించుకున్నది చీకటి గది, పొగ, తూలే మనుషులు. అక్కడ కనబడింది వేరు. పెద్ద కిటికీలు, చెక్క బల్లలు. ఒక బల్ల దగ్గర ఒక కుటుంబం పుట్టినరోజు జరుపుకుంటోంది. మరొక బల్ల దగ్గర నలుగురు యువతులు నవ్వుకుంటూ తమ మేనేజరును అనుకరిస్తున్నారు. ఆ అనుకరణ వినసొంపుగా ఉందని కూడా ఒప్పుకోవాలి. మా బల్ల దగ్గరకు మరో ముగ్గురు స్నేహితులు వచ్చి చేరారు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కరీంనగర్, ఇంకొకరిది కర్నూలు. వారమంతా తెర ముందు కూర్చున్న పిల్లలు ఆ గంటలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. ఒకడి తల్లికి మోకాలి శస్త్రచికిత్స అట. మిగిలిన ముగ్గురూ ఎవరు ఏ రోజు ఆసుపత్రిలో ఉండాలో అక్కడే పంచుకున్నారు. వారిని ఎలా తప్పుపట్టగలను?

పబ్ అనే మాట పబ్లిక్ హౌస్ అన్న ఇంగ్లీషు మాటకు పొట్టి రూపం. ఊరందరికీ చావడి వంటి ఇల్లు అది. మనకు అరుగులుండేవి, రచ్చబండలుండేవి. హైదరాబాదులో ఇరానీ హోటలు ఉండేది. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకొని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనేవారు కాదు. ఇప్పుడు మా కాలనీలలో రోడ్లు వెడల్పుగా ఉన్నాయి, అపార్టుమెంట్లు ఎత్తుగా ఉన్నాయి. కానీ నలుగురు కుర్రవాళ్లు ఏదీ కొనకుండా గంటసేపు కూర్చోగల చోటు ఒకటి చూపించమంటే నేను చూపించలేను. పబ్బుకు వెళ్లే పిల్లలను చెడిపోయారని తీర్మానించే పెద్దలు ముందు ఈ సంగతి ఆలోచించాలని నా మనవి. నలుగురితో కూర్చోవడం, నవ్వుకోవడం, కలిసి తినడం మనసుకు మంచివే. నేను కూడా నిమ్మకాయ సోడా తాగుతూ, అపోలో ఫిష్ రెండు ముక్కలు తిని, ఆ సాయంత్రాన్ని మనసారా ఆనందించాను.

నా అభ్యంతరం ఆ కూర్చోవడం మీద కాదు. గడియారం మీద.

బల్ల మీద ఒక అట్ట నిలబెట్టి ఉంది. ఎనిమిది గంటల వరకు ఒకటి కొంటే ఒకటి ఉచితం. ఆరున్నర వరకు పిల్లలు తీరికగానే తాగారు. ఏడుంబావుకు చేతిగడియారాలు చూసుకోవడం మొదలైంది. ఎనిమిదికి పది నిమిషాలుండగా వడ్డించే అబ్బాయి వచ్చి, ఎంతో మర్యాదగా, "సార్, ఆఫర్‌లో లాస్ట్ ఆర్డర్" అన్నాడు. అప్పటికి ఎవరి ముందున్న సీసా కూడా ఖాళీ కాలేదు. ఎవరికీ దాహంగా లేదు. అయినా నలుగురూ తలా ఒకటి చెప్పారు, ఉచితంతో కలిపి ఎనిమిది సీసాలు ఒక్కసారిగా బల్ల మీదికి వచ్చాయి. అక్కడితో మాటలు సన్నగిల్లాయి. డబ్బు చెల్లించాము కనుక పూర్తిచేయాలన్న పని ఒకటి మిగిలింది. అన్నం పారేయకూడదని మన ఇళ్లలో నేర్పిన సంస్కారం ఇక్కడ ఇలా ఉపయోగపడుతోంది!

లెక్క చూద్దాం. మా వాడు సాయంత్రం మొత్తంలో తాగినవి నాలుగు చిన్న సీసాలు. ఒక్కొక్కటి 330 మిల్లీలీటర్లు, 8 శాతం ఆల్కహాలు ఉన్న స్ట్రాంగ్ బీరు. ఒక్కొక్క సీసాలో సుమారు 21 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. నాలుగింటిలో 83 గ్రాములు. ఇది విస్కీ లెక్కలో 30 మిల్లీలీటర్ల పెగ్గులు ఎనిమిదింటికి సమానం. "బీరే కదా" అనే మాట మన దగ్గర ఎంత సులభంగా చెల్లుబాటవుతుందో గమనించండి. అదే పిల్లవాడు ఎనిమిది పెగ్గుల విస్కీ తాగాడంటే ఇంట్లో ఏడుపులు వినబడేవి.

శరీరంలోకి చేరిన ఆల్కహాలును ప్రధానంగా కాలేయమే విచ్ఛిన్నం చేయాలి. అది గంటకు రమారమి ఏడెనిమిది గ్రాములను మాత్రమే వదిలించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, మజ్జిగలో నిమ్మకాయ పిండుకున్నా ఆ వేగం పెరగదు. 74 కిలోల పురుషుడు మూడు గంటల్లో 83 గ్రాములు తీసుకుంటే, ఆఖరున అతని రక్తంలో 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు 120 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కడుపులో ఆహారం ఉన్నదీ లేనిదీ బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. వాహనం నడిపేవారికి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను విధించిన పరిమితి 30 మిల్లీగ్రాములు. అంటే నాలుగు రెట్లు! రాత్రి ఎనిమిదిన్నరకు ఇలా ఉన్న మనిషి చట్టం దృష్టిలో వాహనం నడపడానికి తగినవాడు కావాలంటే తెల్లవారుజామున రెండున్నర దాకా ఆగాలి. రక్తం పూర్తిగా శుభ్రపడేసరికి నాలుగున్నర అవుతుంది. స్త్రీలలో శరీరంలోని నీటి పాలు తక్కువ కనుక, అదే మోతాదుకు రక్తంలో ఇంకా ఎక్కువ స్థాయి కనబడుతుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పబ్బుకు వెళ్లేది భోజనానికే అని చాలామంది నాతో వాదించారు. భోజనం ఎప్పుడు వచ్చిందో చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న పిల్లలు ఐదున్నరకు ఖాళీ కడుపుతో మొదలుపెట్టారు. ముందుగా వచ్చినవి అప్పడాలు, పల్లీ మసాలా, చికెన్ 65. అన్నీ ఉప్పు, కారం, నూనె. ఉప్పు దాహం పెంచుతుంది, ఎదురుగా ఉన్న ద్రవం బీరు ఒక్కటే. మంచినీళ్లు అడిగితే తెచ్చారు, కానీ నేనే అడగవలసి వచ్చింది. అన్నం ఎనిమిదిన్నరకు వచ్చింది. ఆల్కహాలు ఎక్కువగా రక్తంలోకి ఇంకేది చిన్నపేగులలో. జీర్ణాశయంలో ఆహారం ఉంటే కిందికి వెళ్లే ద్వారం నెమ్మదిగా తెరుచుకుంటుంది, ఆల్కహాలు మెల్లగా దిగుతుంది. కడుపు ఖాళీగా ఉంటే ద్వారం బార్లా తెరిచినట్లే. అంటే తొలి గంటలో అడ్డుకోవలసిన అన్నం ఆఖరి గంటలో వచ్చింది, అదనపు కెలోరీలుగా మాత్రమే. గ్రాము ఆల్కహాలుకు 7 కెలోరీలు. నాలుగు సీసాలలో ఆల్కహాలు వల్లనే దాదాపు 580 కెలోరీలు. కాలేయం ఆ రాత్రంతా ఆల్కహాలుతోనే సతమతమవుతుంది కనుక కొవ్వును కరిగించే పని పక్కన పెడుతుంది. ఆ కొవ్వు అక్కడే పేరుకుంటుంది. అల్ట్రాసౌండ్ కాగితం అడుగున ఉన్న ఆ ముక్కలో ఇలాంటి శుక్రవారాల వాటా ఉందని నా నమ్మకం. మొత్తం పాపం బీరుదేనని అనను. అర్ధరాత్రి బిర్యానీలకూ, కదలకుండా కూర్చునే ఉద్యోగానికీ కూడా అందులో వాటా ఉంది.

నేను మాత్రం పెరుగన్నం చెప్పాను. పైన దానిమ్మ గింజలు చల్లి, తిరగమోత పెట్టి తెచ్చారు. చాలా బాగుంది.

తొమ్మిది గంటలకు బయటికి వచ్చాము. కారు కింద సెల్లారులో ఉంది. మా వాడు తాళాలు తీశాడు. "నేను బాగానే ఉన్నాను తాతా, చూడండి, సూటిగా నడుస్తున్నాను" అన్నాడు. నిజమే, సూటిగానే నడిచాడు. ఇక్కడే మనం మోసపోతాము. నడక తడబడటం కంటే ముందే తీర్పు తడబడుతుంది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో అంచనా వేసే శక్తి, బ్రేకు మీద కాలు వేసే వేగం తగ్గిపోతాయి. తాను బాగానే ఉన్నానన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది. తాళాలు ఇమ్మన్నాను. ఇవ్వలేదు. స్నేహితుల ముందు చిన్నబోయాడని అర్థమైంది. కంటి శస్త్రచికిత్స తరువాత నేను రాత్రిపూట నడపడం మానేశాను కనుక నేను నడుపుతానని కూడా అనలేకపోయాను. చివరకు, "నువ్వు నడిపితే నేను ఎక్కను. బస్సులో పోతాను" అని రోడ్డు వైపు నడిచాను. పదడుగులు వేసేసరికి వెనుక నుంచి వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు. క్యాబ్‌లో వచ్చాము. మేడిపల్లి దాటేలోగా ఒకసారి ఆపించి వాంతి చేసుకున్నాడు. నారపల్లి దగ్గర ఆ స్తంభాల మధ్య మలుపులు, వెలగని దీపాలు చూస్తూ, ఈ దారిలో వాడు ఇప్పటిదాకా ఎన్ని శుక్రవారాలు ఒంటరిగా నడుపుకొంటూ వచ్చాడో అని లెక్క వేసుకున్నాను. పైకి అడగలేదు.

ఈ వ్యాసం రాస్తానంటే వాడు ఒప్పుకున్నాడు. పేరు రాయవద్దన్నాడు.

ఇంటికి వచ్చాక ఈ 'సంతోషపు గంట' ఎక్కడ పుట్టిందో వెతికి చదివాను. మొదటి ప్రపంచయుద్ధం నాటికి అమెరికా నౌకాదళపు ఓడలలో నావికుల విసుగు పోగొట్టడానికి వారానికి కొన్నిసార్లు వినోద కార్యక్రమాలు పెట్టేవారు. సంగీతం, కుస్తీ, సినిమా వంటివి. వాటిని హ్యాపీ అవర్ అనేవారు. తమాషా ఏమంటే, 1914 జులై నుంచి ఆ ఓడలలో మద్యం నిషిద్ధం. అంటే ఆ మాట బాగా వాడుకలోకి వచ్చిన రోజులలో ఆ గంటలో మద్యం చుక్క కూడా లేదు! తరువాతి కాలంలో బార్లు ఆ పేరు తీసుకొని, వినోదాన్ని వదిలేసి, రాయితీని చేర్చాయి.

ఆ రాయితీని వద్దన్న దేశాలూ ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1983లో, బార్‌లో ఉచితంగా బీరు గెలుచుకొని తాగినవారి కారు కింద పడి ఒక 20 ఏళ్ల యువతి మరణించింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం హ్యాపీ అవర్ రాయితీలను నిషేధించింది. ఐర్లండు, పబ్బులకు పుట్టినిల్లు వంటి దేశం, 2003లో చట్టం చేసి రోజులో కొద్ది గంటలు మాత్రమే మద్యం ధర తగ్గించి అమ్మడాన్ని మాన్పించింది. స్కాట్లండు 2018 మే నుంచి ఇంత ఆల్కహాలుకు ఇంతకంటే తక్కువ ధరకు అమ్మరాదని కనీస ధర నిర్ణయించింది. వీటిలో ఎక్కడా పబ్బులు లేకుండా పోలేదు. మనుషులు కూర్చోవడం, నవ్వుకోవడం ఆగలేదు.

"ఇది నగరపు కుర్రకారు గొడవ, మాకేమిటి?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. గడియారంతో పోటీపడి తాగడం పబ్బులో పుట్టిన జబ్బు కాదు. దుకాణం మూసే వేళకు పరుగెత్తి క్వార్టరు కొని, పక్కనే పర్మిట్ రూములో నిలబడి పది నిమిషాల్లో గొంతులో పోసుకొని, మోటారు సైకిలు ఎక్కే మనిషిని ఘట్‌కేసర్ దారిలో మీరూ చూసే ఉంటారు. నా ఓ.పి.లో నలభై ఏళ్లు విన్న మాట "క్వార్టరే సారూ". ఆ క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 60 గ్రాములు. కాలేయానికి ఎనిమిది గంటల పని. ఇక పాతకాలపు కల్లే నయమనేవారికి కూడా ఒక మాట. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, కాంపౌండులో కలిపినది వేరు. 2014లో హైదరాబాదులో కల్లు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలు కోల్పోయారు, మరికొందరు మూత్రపిండాలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. అల్ప్రాజొలాం వంటి నిద్రమందులు కల్లులో కలపడం ఈ ప్రాంతపు వైద్యులందరికీ తెలిసిన దౌర్భాగ్యం.

ఇంతా చెప్పే అధికారం నాకెక్కడిదని అడిగితే, నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1991లో అమెరికాలో ఒక టెలివిజన్ కార్యక్రమం ఫ్రాన్సు దేశస్థుల గుండెజబ్బుల గురించి చర్చించింది. వారు కొవ్వు ఎక్కువ తింటారు, అయినా గుండెపోట్లు తక్కువ, కారణం ద్రాక్షసారాయి కావచ్చునని. ఆ మాట ప్రపంచమంతా పాకింది. కొద్దిగా తాగేవారు అసలు తాగనివారికంటే ఎక్కువ కాలం బతుకుతారని ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. మేము చదివాము, నమ్మాము. జిల్లా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చేవాడు. మంచి చదువరి, పద్యాలు పాడేవాడు. అప్పుడప్పుడు తీసుకునేవాడు. "ఏమంటారు డాక్టరు గారూ, పరవాలేదా?" అని అడిగాడు. "రోజూ ఒక చిన్న పెగ్గయితే గుండెకు మంచిదేనంటున్నారు మాస్టారూ" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన నవ్వుతూ వినలేదు. ఇంట్లో భార్య అడ్డుచెప్పినప్పుడల్లా "డాక్టరు గారే చెప్పారు" అన్నాడట. చిన్న పెగ్గు పెద్దదయింది, ఒకటి రెండయింది. ఏడేళ్ల తరువాత పొట్ట నిండా నీరు చేరి, కళ్లు పచ్చబడి, నా వార్డులోనే చేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన భార్య మాత్రం, నేను రౌండ్సుకు వెళ్లినప్పుడు, లేచి నిలబడటం మానేసింది.

ఆ పరిశోధనలలో లోపం ఎక్కడుందో తరువాత తేలింది. 'తాగనివారు' అన్న గుంపులో, జబ్బుచేసి తాగడం మానేసినవారు చాలామంది చేరిపోయారు. వారు త్వరగా మరణించడంతో, తాగకపోవడమే హానికరమన్నట్లు లెక్క కనబడింది. మితంగా తాగేవారు తరచుగా ఆర్థికంగా మెరుగైనవారు, మంచి వైద్యం అందేవారు. ఈ తేడాలను సరిచేసి చూస్తే ఆ 'మేలు' కరిగిపోసాగింది. మద్యపానం క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించి ఉంది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని స్పష్టంగా చెప్పింది. కనుక ఆనాడు మాస్టారుకు చెప్పిన మాటను నేను ఉపసంహరించుకుంటున్నాను. ఆలస్యమైంది, తెలుసు. నా ఓ.పి.లో ఆ మాట విన్నవారు ఇంకా ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి దాన్ని మరచిపోండి.

సంపూర్ణ నిషేధం కావాలంటున్నానా? లేదు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరాటాన్ని నేను చేతులెత్తి మొక్కుతాను. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, అన్నీ ప్రభుత్వ ఆసుపత్రి లోపలి నుంచి చూశాను. నిషేధం వచ్చిన కొత్తలో జీతం డబ్బు ఇంటికి చేరిందని చెప్పిన ఇల్లాళ్లను చూశాను. ఉన్నట్టుండి మద్యం ఆగిపోయి, మూడో రోజున ఒళ్లంతా వణుకుతూ, గోడల మీద పాములు కనబడుతున్నాయని అరిచే రోగులనూ చూశాను. అందుకే ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఈ వ్యాసం చదివి రేపటి నుంచి ఒంటరిగా, హఠాత్తుగా మానేయవద్దు. మూర్ఛలు రావచ్చు, ప్రాణాపాయం కూడా ఉంది. వైద్యుని పర్యవేక్షణలో మానండి.

నేను అడుగుతున్నది చిన్నది. గంటలు లెక్కపెట్టి మద్యం ధర తగ్గించే పద్ధతిని ఎక్సైజు శాఖ ఆపాలి. రాయితీ ఇవ్వదలచుకుంటే తిండి మీద ఇవ్వండి, ఐదున్నరకే అన్నం సగం ధరకు పెట్టండి. బీరు సీసా పక్కన అందులో ఎన్ని గ్రాముల ఆల్కహాలు ఉందో మెనూలో అచ్చువేయండి, ధర వేసినంత పెద్ద అక్షరాలతో. అడగకుండానే మంచినీళ్లు తెచ్చిపెట్టండి. వీటికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. లైసెన్సు షరతులలో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలునని నా అభిప్రాయం. ఆదాయం పోతుందని ఎవరో ఒకరు అంటారు. ఈ లెక్కలో వార్డు ఖర్చు కలపరు.

వెళ్లేవారికి ఒక ముఖ్యమైన మాట, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో మద్యం తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆల్కహాలు పనిలో మునిగిన కాలేయం చక్కెరను తయారుచేయడం మానేస్తుంది. చెమటలు, వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం వంటి లక్షణాలు చూసి స్నేహితులు "ఎక్కువైంది, పడుకోనివ్వండి" అంటారు. ఆ నిద్రలో నుంచి లేవనివారు ఉన్నారు. మీ బల్ల దగ్గర ఒక్కరికైనా మీకు మధుమేహం ఉందని తెలిసి ఉండాలి. మెట్రోనిడజోల్ వాడుతున్న రోజులలో చుక్క కూడా ముట్టకండి. మరునాటి తలనొప్పికి పారాసిటమాల్ అదే పనిగా మింగకండి. తరచుగా తాగేవారి కాలేయానికి అది అదనపు ముప్పు.

ఆ మరునాడు ఉదయం మా వాడు ఉప్పల్ వరకు బస్సులో, అక్కడి నుంచి మెట్రోలో వెళ్లి కారు తెచ్చుకున్నాడు. ఆరు వారాలుగా మద్యం ముట్టలేదని చెబుతున్నాడు. నేను ఆనందిస్తున్నాను కానీ, మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయించమన్నాను. ఎస్‌.జి.పి.టి. నాతో అబద్ధం చెప్పదు కదా.

మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల బృందంలో కర్నూలు పిల్లవాడికి పెళ్లి కుదిరిందట, అందరూ అదే పబ్బులో కలుస్తున్నారట. "ఈ శుక్రవారం వస్తారా తాతా?" అన్నాడు. వస్తానన్నాను. ఎనిమిదిన్నరకు బల్ల చెప్పమన్నాను. ఆ వేళకు ఆఫరు అయిపోయి ఉంటుంది, కొంత సద్దుమణుగుతుంది కూడా. మెట్రోలో వెళ్లి, తిరిగి క్యాబ్‌లో వద్దామని అనుకున్నాము. పెరుగన్నం ధర మాత్రం ఏ వేళకైనా ఒకటేనట, కనుక్కున్నాను.